కోయని దూలాలు

ఈ సంగతి రాసిపెట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఆగింది బద్ధకం వల్ల కాదు, సిగ్గు వల్ల. ఇక ఆగకూడదనడానికి కారణం ఒకటుంది. ఎక్కడో ఒక ఇంట్లో, బహుశా రెండు ఇళ్ళలో, నా చేత్తో నీలం రంగు అంకె వేసిన దూలం ఇంకా కప్పు మోస్తూ ఉండవచ్చు. ఆ కప్పు కింద పడుకునేవాళ్ళకు ఆ అంకె ఏమిటో తెలియదు. తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనే మిగిలాను.

మొన్నామధ్య, పాత తలుపులు, పాత స్తంభాలు ఏరి తెచ్చి కొత్త ఇళ్ళకు వాడే యువకులు కొందరు నన్ను మాట్లాడమని పిలిచారు. పోయి మాట్లాడాను. మా పాత సామాన్ల దొడ్డి ఎట్లా మొదలైందో, ఎట్లా పెరిగిందో, ఎన్ని కుటుంబాలకు నీడ ఇచ్చిందో చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. తిరుగు బస్సులో ఆ శాలువా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. వాళ్ళకు చెప్పవలసింది చెప్పకుండా వచ్చాను. అది ఇక్కడ చెప్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. తప్పు నాది కాబట్టి, దాని పక్కన ఇంకొకరి పేరు ఉండడం నాకు ఇష్టం లేదు.

మా దొడ్డి బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారి పక్కన ఉండేది. అసలు అది బందెలదొడ్డి. పరాయి చేలో పడి మేసిన పశువులను తోలుకొచ్చి కట్టేసే చోటు. డెబ్బైల్లో వరసగా కరువు సంవత్సరాలు వచ్చేసరికి చేలల్లో మేతా లేదు, మేయడానికి పశువులూ లేవు. ఖాళీగా పడి ఉన్న ఆ దొడ్డిని పంచాయతీ వాళ్ళు మా సంఘానికి ఇచ్చారు.

సంఘం పని ఇది. మా వైపు పాత ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. మట్టితో కట్టిన రాతి గోడల మీద దూలం, దూలం మీద అడ్డంగా సన్న వాసాలు, వాటి మీద కంపా కట్టెలూ పరిచి, ఆ పైన చౌడు మట్టి పోసి తొక్కుతారు. ఆ చౌడు ఏటా వేస్తుండాలి. ఇంటివాళ్ళు బెంగుళూరుకు కూలికి వెళ్ళిపోతే వేసేవాళ్ళుండరు. రెండేళ్ళకు ఒక మూల కుంగుతుంది. మూడో ఏడు వంటచెరకు కోసం ఎవరో ఒకరు వాసాలు పీక్కుపోతారు. అట్లా కాకముందే ఇంటివాళ్ళ అనుమతితో మిద్దె విప్పి, దూలాలు, వాకిలి చట్రాలు, బండలు తెచ్చి దొడ్డిలో ఉంచేవాళ్ళం. ఇల్లు కూలినవాళ్ళు, కొత్తగా ఇంటి స్థలం వచ్చినవాళ్ళు వాటిని తీసుకొని బదులుగా మాతో పాటు కొన్ని దినాలు మిద్దెలు విప్పే పని చేసేవాళ్ళు. ఇచ్చినవాళ్ళు తిరిగి వస్తే అంత కొయ్య వాళ్ళకు ఇవ్వాలి. ఇదీ ఒప్పందం. కాగితం లేదు. మాటే.

నేను అక్కడ స్టోర్ కీపర్ని. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడిని. మా ఊరి శాఖా గ్రంథాలయమే నా కాలేజీ. దాంట్లో ఉన్న పుస్తకాలన్నీ, పశువైద్యం నుంచి ఖగోళం దాకా, వరసగా చదివాను. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. అయినవీ కానివీ అన్నీ నాకు తెలుసనే అనుకునేవాడిని. ఆ గర్వం ఎంతవరకు పోయిందంటే, ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళు వాక్యం పూర్తి చేసేలోపు అది ఏ పుస్తకంలో ఉందో, ఎందుకు తప్పో చెప్పేవాడిని.

దొడ్డిలో పనికి పెద్ద ఒక ఆచారి. అప్పటికే అరవై దాటాయి. కొయ్య చెక్కే బాడిస ఆయన చేతిలో లేకుండా ఎవరూ చూడలేదు, అందుకని అందరూ బాడిస తాత అనేవాళ్ళు. ఆయన నన్ను ‘బుక్కు’ అనేవాడు.

దూలం దొడ్డికి రాగానే తాత మొదట చేసే పని దాని రెండు కొనలూ రంపంతో కోసేయడం. గోడలో కూర్చున్నంత మేర అటు జానెడు, ఇటు జానెడు. వాటిని గోడముక్కలు అనేవాళ్ళం. ఒకటి దూలం ఇచ్చిన ఇంటివాళ్ళకు, ఒకటి తీసుకునేవాళ్ళకు. తీసుకున్నవాళ్ళు కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు దాన్ని పొయ్యిలో పెట్టేవాళ్ళు. ఇచ్చినవాళ్ళు తమ ముక్కను మూటలో కట్టుకొని వలస పోయేవాళ్ళు. పోయిన చోట, గుడిసె ముందు మూడు రాళ్ళు పెట్టి మొదటిసారి ఎసరు పెట్టినప్పుడు, ఆ ముక్కను కాల్చేవాళ్ళు. ఒక ముసలామె దాన్ని చంటిబిడ్డలాగా చంకన పెట్టుకొని బస్సెక్కడం నేను చూశాను.

“ఏంటికి తాతా, ఇనుమట్లాంటి కొయ్యను కోసి పారేస్తావు?” అని ఒకసారి అడిగాను.

“పారేసినానా? ఇచ్చినా కదప్పా.”

“అదే, ఏంటికి?”

“మా నాయన కోసినాడు, నేను కోస్తాండా. గోడలో ఉండింది గోడదే. దాన్ని తీసకపోయి ఇంకో గోడకు పెట్టకూడదు.”

నేను నవ్వాను. మూఢనమ్మకాల మీద గ్రంథాలయంలో ఒక మంచి పుస్తకం ఉండేది. ఆయన జవాబు అందులో అక్షరాలా ఉన్నట్టే అనిపించింది.

ఎనభైల మొదట్లో మా పక్కన పేదలకు ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. అప్పుడే వలస కూడా పెరిగింది. కంబదూరు వైపు ఊళ్ళ నుంచి కూడా మిద్దెలు విప్పుకోమని కబుర్లు వచ్చాయి. ఒకవైపు ఇచ్చేవాళ్ళు, ఒకవైపు కావలసినవాళ్ళు. దొడ్డి చాలలేదు. మా సంఘం పెద్ద వాన మీద ఆధారపడ్డ పెద్ద రైతు. ఆయనకు ఒక చెనక్కాయల గోడౌన్ ఉండేది. పంట లేక అది ఖాళీగా ఉంది.

“అదన్నా పనికొస్తాది తీస్కోండప్పా. ఎలుకలు కూడా ఖాళీ చేసి పోయినాయి దాన్ని,” అన్నాడు.

విస్తరణ పని నాకు అప్పగించారు. నా జీవితంలో అంత సంతోషపడ్డ రోజు లేదు. గోడౌన్‌ను గ్రంథాలయంలాగా తయారు చేశాను. పుస్తకాల వీపు మీద అంకెలు ఉన్నట్టే ప్రతి దూలానికీ నీలం రంగుతో అంకె వేశాను. మొదటి అంకె పొడవుకు, రెండోది కొయ్య రకానికి, మూడోది వరసకు. ఏ దూలం ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ ఇంటికి పోయింది, అంతా రిజిస్టరులో. చూడడానికి వచ్చిన ఒక అధికారి నా భుజం తట్టాడు. గ్రంథాలయం పంతులు ఒకసారి వచ్చి చూసి, “ఇంటికి తీసకపోయినవాళ్ళు పద్నాలుగు దినాల్లో తిరిగి తెచ్చియ్యల్లనా?” అని అడిగి పోయాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కాలనీ ఇళ్ళ గది వెడల్పు పదడుగులు. మాకు వచ్చే దూలాలు ఎక్కువ భాగం పదకొండున్నర అడుగులవి. తాత రెండు వైపులా కోస్తే పదడుగులే మిగులుతుంది. అది సరిగ్గా గోడ నుంచి గోడకు వస్తుంది తప్ప గోడ మీద కూర్చోదు. గదిని చిన్నది చేద్దామంటే కాలనీలో సగం మంది మగ్గం నేసేవాళ్ళు. వాళ్ళలో ఒక పట్టుచీరల నేతగాడి భార్య, మాట పదునుగా ఉండే మనిషి, సంఘం సమావేశానికి వచ్చి నిలబడింది.

“ఎనిమిదడుగుల గది కట్టిస్తారంట. మగ్గం లోపల పెడితే నా మొగుడు వీధిలో కూర్చొని నేయల్ల. ఎండకు నల్లబడినాడంటే మళ్ళా నేనే చూడల్ల ఆ మొకాన్ని,” అంది.

అందరూ నవ్వారు. సంఘం పెద్ద నవ్వుతూనే నా వైపు చూశాడు. “ఏమప్పా, ఏం చేద్దాం?”

“కొనలు కోయడం ఆపేస్తే సరిపోతాది అన్నా,” అన్నాను. నేను చదివిన కలప పుస్తకంలోది చెప్పాను. మాకు వచ్చేవి ఎక్కువగా ఏపి చెట్టు దూలాలు. మా గుట్టల మీద పెరిగే ఏపి చేవకు చెదలు పట్టవు. లోపలి చేవ ఎంత పాతబడితే అంత గట్టిపడుతుంది. కోయడం కేవలం ఆచారం. ఆచారానికి దూలానికి మూడు అడుగుల లెక్కన విడిచిపెడితే, ఒక్క ఏడాదిలో ఎన్ని ఇళ్ళ కప్పు మనం పొయ్యిలో పెట్టినట్టో ఆలోచించండి. దూలానికి ఒకటిన్నర అడుగు కదా అని ఎవరూ అడగలేదు. నేను రెండింతలు చేసి చెప్పానని నాకే తర్వాత తట్టింది.

తాత గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. సంఘం పెద్ద, “తాతా, నువ్వేమంటావు?” అన్నాడు.

“గోడలో ఉండింది గోడదే,” అన్నాడు తాత.

“దానికి కారణం చెప్పు తాతా. కారణం ఉంటే నేనే ఒప్పుకుంటా,” అన్నాను నేను.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. కారణం ఆయన చేతుల్లో ఉంది, నోట్లో లేదు. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నేను గెలిచాననుకున్నాను. సమావేశం అయిపోయాక ఆయన రంపానికి నూనె రాసి, గుడ్డ చుట్టి, దూలానికి వేలాడదీశాడు. పని మానలేదు. వాకిళ్ళు చెక్కడం, బండలు సరిచేయడం చేస్తూనే ఉన్నాడు. నాతో మాటలు తగ్గించాడు.

ఆ తర్వాత మూడేళ్ళలో ముప్పై ఒక్క ఇంటికి కోయని దూలాలు పోయాయి. ఒక్కటీ కదల్లేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ మూడేళ్ళూ వాన లేదు. చౌడు పొడిగా, తేలికగా ఉంది. ఆ కప్పులను మా దూలాలు మోయలేదు, కరువు మోసింది.

వాన వచ్చింది. కోస్తాలో తుపాను పట్టిందని రేడియోలో చెప్పారు. మా దగ్గర మొదటి రోజంతా సన్నగా, ఆగకుండా కురిసింది. జనం ఇళ్ళల్లోంచి బయటికి వచ్చి నిలబడ్డారు. మా సంఘం పెద్ద పంచె పైకి కట్టి, చేతులు చాచి, దారి మధ్యలో నిలబడి తడిశాడు. ఎవరూ గొడుగు పట్టలేదు. రెండో రోజు పొద్దున కూడా అదే వాన. గోడౌన్ రేకుల మీద చప్పుడు వింటూ నేను టీ తాగుతున్నాను. తాత తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. ఆ మొహంలో సంతోషం లేదు.

“బుక్కూ, కోయనివి ఎన్ని ఇండ్లకు పోయినాయి?”

“ముప్పై ఒకటి. ఏంటికి తాతా? అన్నీ ఏపి చేవ. ఏమీ కావు.”

ఆయన గుడ్డ విప్పి రంపం తీశాడు. వరసలో ముందున్న ఒక దూలాన్ని కాలితో జరిపి, కొనకు జానెడు దూరంలో కోశాడు. ముక్క కింద పడింది. పైకి చూస్తే నల్లగా, గట్టిగా, ఇనుము మాదిరే ఉంది. ఆయన దాన్ని నా ముందు తలకిందులుగా పట్టుకున్నాడు. లోపలి నుంచి ఎర్రమన్ను ధారగా రాలింది. గింజలు రాలినట్టు రాలుతూనే ఉంది. మిగిలింది ఒక డొల్ల, వేలి మందం కూడా లేనిది. ఇట్లాంటి మన్ను ఇదివరకు కొన్ని ముక్కల కింద చూశాను, గోడ మట్టి అంటుకొచ్చిందనుకొని ఊడ్చేశాను.

“ఇదీ చదువప్పా,” అన్నాడు. కోపంగా కాదు. “పొడిగా ఉండే కొయ్యను చెదలు ముట్టవు. నువ్వు చెప్పింది నిజమే. గోడలో ఉండే కొన ఏండ్ల తరబడి చెమ్మ పీలుస్తాది. లోపలి నుంచి తింటాయి. బయట తెలీదు. మా నాయన చెప్పలేదు. కోసి చూపిచ్చినాడు, అంతే. నేనూ మర్చిపోయినా ఏంటికి కోస్తామో. నిన్న రేత్రి నుంచి చౌడు నీళ్ళు తాగతాంటే గుర్తొచ్చింది.”

నేను ఆ మన్ను వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన భుజం పట్టి ఊపాడు.

“ఏడ్సేది తర్వాత. ఆ ఇండ్లు యాడుండాయో తెలుసా నీకు?”

తెలుసు. అదొక్కటే ఆ రోజు నాకు మిగిలిన మంచి. రిజిస్టరులో ప్రతి అంకెకూ ఎదురుగా ఇల్లు ఉంది. గోడౌన్‌లో ఉన్న గుంజలన్నీ, వాటికి బిగించే కొయ్య చీలలూ, రెండు ఎద్దుబండ్ల మీద వేసుకొని బయల్దేరాం. సంఘం పెద్ద తన జీతగాళ్ళను పంపాడు. బురదలో, వానలో, ఇంటింటికీ పోయి ముందు మనుషులను బయటికి పిలవడం, తర్వాత దూలం కొన గోడలోకి పోయే చోట కింద గుంజ నిలబెట్టి చీల కొట్టి బిగించడం. కొనలో బలం లేకున్నా కొనకు ముందు ఉన్న కొయ్య గట్టిదే కదా, అది గుంజ మీద నిలుస్తుంది. కొన్ని ఇళ్ళలో మమ్మల్ని తిట్టారు. మూడేళ్ళకు వాన వస్తే ఇంట్లో కూర్చొని చూసుకోనివ్వరా అని. ఒకాయన తలుపు తీయలేదు. తాత వాకిట్లో నిలబడి, “నీ పెండ్లాం బిడ్డల కోసం తీయప్పా, నా కోసం కాదు,” అన్నాక తీశాడు. తడిసి వణుకుతున్న నాకు ఒక ఇంటామె కాగిన గంజి గ్లాసు ఇచ్చింది. మేమెందుకు వచ్చామో తెలియక ఇచ్చింది. అది తాగడం నాకు చాలా కష్టమైంది.

ముందు జీతగాళ్ళు ఒక వైపు, మేమొక వైపు విడిపోయి, మధ్యాహ్నం దాటేసరికి ఇరవై రెండు ఇళ్ళు అయ్యాయి. ఇరవై మూడోది ఆ నేతగాడిది.

ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తూనే ఉన్నాడు. భార్య పక్కన పేక కండెలు చుడుతోంది. పై కప్పు నుంచి మూడు చోట్ల నీళ్ళు కారుతుంటే గిన్నెలు పెట్టుకున్నారు. మగ్గం మీద గోనెసంచులు కప్పారు.

“బయటికి రాండప్పా. దూలం నమ్మకం లేదు,” అన్నాడు తాత.

“ఇంకా మూరన్నర ఉండాది తాతా. సావుకారి పట్టు ఇది. తడిసిందంటే మా బతుకే పోతాది,” అన్నాడు నేతగాడు, తల ఎత్తకుండా.

“పడుగు కోసి చుట్టేయ్.”

“పడుగు కోస్తే ఇంకేముండాది?” అంది ఆమె. “నువ్వే ఇచ్చిన దూలం కదా అన్నా,” అని నా వైపు తిరిగింది. “నీలం రంగు వేసి, బుక్కులో రాసుకొని ఇచ్చినావు. గట్టిదే అంటివే.”

నేను గుంజ లోపలికి తెచ్చాను. తాతే అన్నాడు. “పది నిమిషాలు. మీరు గోడ పక్క నిలబడండి. గుంజ పెట్టినాక నేసుకోండి.” ఆమె లేచింది. ఆయన మాత్రం గుంతలోంచి లేవలేదు. పట్టు మీద గోనె సర్దుతూ అక్కడే వంగి ఉన్నాడు.

నేను గుంజ నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. తాత చీల పెట్టి సుత్తితో కొడుతున్నాడు. రెండు దెబ్బలు. మూడో దెబ్బకు ముందు ఆయన చెయ్యి గాలిలో ఆగింది. ఏదో విన్నాడు. నాకు వినపడింది వాన ఒక్కటే. ఆయన నన్ను ఎడమ చేత్తో నెట్టాడు. నేను ఆమె కాళ్ళ దగ్గర పడ్డాను. గోడలోని కొన పొడి అయిపోయి దూలం కిందికి జారింది. వెనకే తడి చౌడు, బండి బోర్లాపడ్డట్టు పడింది.

నేతగాడు బతికాడు. గుంతలో వంగి ఉండడం వల్ల, దూలం మగ్గం చట్రం మీద ఆగింది. ఆమెకు గీతలు తప్ప ఏమీ కాలేదు. తాత కుడిచెయ్యి దూలానికీ గుంజకూ మధ్య చిక్కుకుపోయింది.

చేత్తో మట్టి తోడి ఆయనను బయటికి తీశాం. బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఆయన నన్ను ఒకటే అడిగాడు. “ఇంకా ఎనిమిది ఇండ్లు ఉండాయి కదా? నువ్వేంటికి నాతో వస్తాండావు?”

నేను బండి దిగాను. రిజిస్టరు తడవకుండా చొక్కా లోపల పెట్టుకొని, తిరిగి కాలనీకి నడిచాను. చీకటి పడేలోపు నాలుగు ఇళ్ళు దొరికాయి. వాటికి గుంజలు పెట్టాం. ఇంకో రెండు మరుసటి రోజు పొద్దున. మిగిలిన రెండు ఇళ్ళు లేవు. ఇల్లే లేదు. ఆ రెండు కుటుంబాలు అప్పటికే ఖాళీ చేసి, దూలాలతో సహా విప్పుకొని బండ్ల మీద వేసుకొని పోయారని పక్కవాళ్ళు చెప్పారు. ఎటు పోయారంటే ఒకరు వజ్రకరూరు వైపు అన్నారు, ఒకరు కాదన్నారు.

తాతకు మూడు వేళ్ళు తీసేశారు. మణికట్టు మళ్ళీ తిరగలేదు. ఆయన ఇంకెప్పుడూ బాడిస పట్టలేదు.

వానలు తగ్గాక సంఘం సమావేశమైంది. నేను రాజీనామా కాగితం రాసుకొని పోయాను. మంచి భాషలో రాశాను. గ్రంథాలయం నేర్పిన భాష. సంఘం పెద్ద దాన్ని చదవలేదు.

“నువ్వొక్కడివే చేసినావా? పదడుగులు కావల్లని అడిగింది అందరం. ఆ పొద్దు నవ్వింది అందరం,” అన్నాడు. తర్వాత తలుపు వైపు చూశాడు. తాత చేతికి కట్టుతో వచ్చి నిలబడి ఉన్నాడు.

“పోతే పోనీలే,” అన్నాడు తాత. “పోయేటోడు గోడౌన్‌లో ఉండేవన్నీ కోసి పోనీ. నాకు చెయ్యి లేదు కదా.”

అట్లా మొదలైంది. పొద్దున్నే ఆయన వచ్చి ఒక బండ మీద కూర్చునేవాడు. నేను రంపం పట్టేవాడిని. మొదటి దూలం కోయడానికి నాకు పూట పట్టింది. రంపం వంకర పోయేది. “కొయ్యను తోస్తాండావు. లాగు. లాగితే అదే తెగుతాది,” అనేవాడు. ముక్క కింద పడిన ప్రతిసారీ దాన్ని ఎడమచేత్తో తీసుకొని, వాసన చూసి, డొల్లా గట్టిదా చెప్పేవాడు. పదింటిలో ఏడెనిమిది గట్టివే. డొల్లగా ఉన్నవి రెండో మూడో. బయటి నుంచి చూసి ఏది ఏదో ఆయన కూడా చెప్పలేకపోయాడు. అందుకే అన్నీ కోయాలి. అందుకే దాన్ని ఆలోచించే పనిగా కాకుండా ఆచారంగా పెట్టి ఉంటారు. ఈ మాట నేను ఆయనతో అంటే, “ఏమోనప్పా, ఉండచ్చు,” అన్నాడు.

ఇక పదడుగుల గది సంగతి. కోసిన దూలం గోడ మీద కూర్చోదు కదా, మళ్ళీ అదే చిక్కు వచ్చింది. నేను కాగితం మీద లెక్కలు వేస్తూ కూర్చున్నాను. తాత కర్రపుల్లతో నేల మీద గీసి చూపించాడు. గోడ కట్టేటప్పుడే దూలం వచ్చే చోట ఒక మందపు బండను జానెడు బయటికి పొడుచుకొచ్చేట్టు పెట్టాలి. అటొకటి, ఇటొకటి. దూలం ఆ బండల మీద కూర్చుంటుంది. గోడ లోపలికి పోనే పోదు. చెమ్మ తగలదు. గది పదడుగులూ మిగులుతుంది.

నేను ఆ గీత వైపే చూశాను. మూడేళ్ళ కిందటి సమావేశంలో ఈ గీత ఒక్కటి గీసి ఉంటే చాలు.

“ఇది నీకు అప్పుడే తెలుసా తాతా?”

“మా నాయనకు నాయన, మా అబ్బ కట్టిన ఇండ్లల్లో ఉండాది. తెలీకేం.”

“మరి ఆ పొద్దే ఏంటికి చెప్పలేదు?”

“నువ్వు కారణం అడిగినావు. దారి అడగలేదు,” అన్నాడు. కర్రపుల్ల పక్కన పడేసి, “అడిగేంత సందు ఇచ్చినావా? నువ్వు చెప్తాంటివి కదా,” అన్నాడు.

ఉద్యోగ జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. కొందరు సరిగ్గానే తిట్టారు. ఇంతగా తగిలిన మాట ఇంకొకటి లేదు. నేను ఆ తర్వాత దొడ్డిలో చాలా ఏళ్ళు పని చేశాను. గోడౌన్ రెండింతలైంది. అంకెలు వేయడం మానలేదు. అంకె లేకుంటే ఆ రోజు ఆ ఇళ్ళు దొరికేవి కావని తాతే అన్నాడు. అయితే అంకె వేసే ముందు రంపం. గుంజలు పెట్టిన ఇళ్ళ దూలాలన్నీ ఒక్కొక్కటిగా దింపి, కోసి, బండల మీదికి మార్చాం. నేతగాడి ఇంటికి కొత్త దూలం మేమే పెట్టాం, బండల మీద. ఆ ఇంట్లో పాలు పొంగించిన రోజు ఆమె నాకు గోడముక్క ఇచ్చి, “నువ్వే పెట్టన్నా పొయ్యిలో,” అంది. పెట్టాను. అది మంట పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గట్టి ముక్క అది.

నేను మళ్ళీ గ్రంథాలయానికి పోయి ఆ కలప పుస్తకం తీసి మొత్తం చదివాను. అందులో తప్పేమీ లేదు. మట్టి గోడ అన్న మాటే లేదు అందులో. అది వేరే చోటి ఇళ్ళ గురించి, ఆ ఇళ్ళను ఎరిగినవాళ్ళు రాసింది. దాని మీద నాకు కోపం రాలేదు. చదవడమూ మానలేదు. ఇప్పటికీ చదువుతాను. పుస్తకం మూసిన తర్వాత ఒకరి దగ్గరికి పోయి కూర్చోవడం మాత్రం నేర్చుకున్నాను.

పేర్లు రాయనని ముందే అన్నాను. అయినా మా దొడ్డిలో పిలుచుకున్న పిలుపులతో కొందరికి నమస్కారం చెప్పుకోకుండా ఈ కాగితం ముగించలేను. బాడిస తాతకు, ఆయన కుడిచేతికి. తన గోడౌన్, తన మనుషులు, తన మాట ఇచ్చిన సంఘం పెద్దన్నకు. నన్ను తన ఇంట్లోకి మళ్ళీ రానిచ్చిన మగ్గం అక్కకు, గుంతలోంచి లేవని ఆమె భర్తకు. వానలో బండ్లు తోలిన ఇద్దరు జీతగాళ్ళకు. కారణం తెలియకుండా గంజి ఇచ్చిన ఆ తల్లికి. నన్ను ఎప్పుడూ జరిమానా అడగని గ్రంథాలయం పంతులుకు.

మిగిలిన ఆ రెండు దూలాల మాట చెప్పి ఆపుతాను. ఏపి కొయ్య, నల్లగా ఉంటుంది, పదకొండున్నర అడుగులు. ఒక పక్కన, కొనకు మూరెడు దూరంలో, మూడు అంకెలు నీలం రంగుతో ఉంటాయి. సున్నం వేసి ఉంటే గోటితో గీరితే కనిపిస్తాయి. చేతులు మారి ఎవరి ఇంటికి చేరాయో నాకు తెలియదు. నలభై ఏళ్ళుగా వెతికి దొరకలేదు. మీరు కొన్న పాత ఇంట్లోనో, మీ అవ్వగారి మిద్దెలోనో ఆ అంకెలు కనిపిస్తే, వాన వచ్చేదాకా ఆగకండి. కింద ఒక గుంజ పెట్టించండి. పని తెలిసిన వడ్రంగిని పిలిచి, కొనలు కోయించండి. ఎట్లా చేయాలో మీకు తెలిసినా సరే, ముందు ఆయనను అడగండి. ఆయన చెప్పేదాకా ఆగండి.

ఆ ముక్కను పారేయకండి. ఒక పూట పాలు కాచుకోండి దాంతో.